పన్నెండో బండి

బండి మీద ఒక్కడే వెళ్ళేవాణ్ణి చూస్తే పాపం వీడికెవరూ లేరు కాబోలనీ, పదిమంది వరసగా వెళ్తుంటే ఆహా బతుకంటే వీళ్ళదేననీ నేను మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటుంది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. గుడివాడలో అమ్మా నాన్నలతో ఉంటూ, రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో ఫీల్డాఫీసరుగా కొత్తగా చేరాను. ఫీల్డు ఉంది గానీ ఆఫీసు లేదు, బండే ఆఫీసు. పొద్దున్నే బయల్దేరి బంటుమిల్లి వైపు చెరువుల గట్ల మీద తిరిగి, రైతుల చేత నాలుగు చీవాట్లు తిని (రొయ్య చస్తే మా మేత మంచిది కాదు, బతికితే రైతు చెయ్యి మంచిది) పొద్దుగూకేలోపు ఇంటికి చేరేవాణ్ణి. ఆ వంద సీసీ బండి నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసే రోజుల్లో కొన్నది. వైరు చుట్టలు తగిలించుకోడానికి దాని పక్కన ఒక ఇనప కొక్కెం వెల్డింగ్ చేయించుకున్నారు. రిటైరయ్యాక బండినీ కొక్కేన్నీ కలిపి నాకు అప్పగించారు. అరవై దాటితే అద్దాలు వణికేవి, డెబ్బై దాటితే నేను వణికేవాణ్ణి. రోజంతా పలకరించే దిక్కు లేక హెల్మెట్లో నాతో నేనే మాట్లాడుకునేవాణ్ణి. ఒకసారి పెడన రైల్వే గేటు దగ్గర పక్కన ఆగిన స్కూటరాయన "నన్నేనా అండీ?" అని అడిగితే సిగ్గుతో గేటు ఎత్తేదాకా తల తిప్పలేదు.

నా ఈ దుస్థితిని గమనించినవాడు బావ. బావంటే చుట్టరికం ఏమీ లేదు. గుడ్లవల్లేరులో కాలేజీ లాబ్‌లో పనిచేసేవాడు, టీకొట్టు దగ్గర పరిచయం, రెండో టీకి బావ అయిపోయాడు. అతను బందరులో ఒక రైడింగ్ గ్రూపులో మెంబరు. దాని పేరు ఇంగ్లీషులో ఉండేది, తెలుగులో చెప్పుకుంటే సముద్రపు డేగలు అని. పదకొండు డేగలు. అందరివీ నా బండిని పక్కన నిలబెడితే దున్నపోతు పక్కన మేకపిల్లలా కనబడేంత పెద్ద బండ్లు. వాళ్ళ పెద్దని అందరూ కెప్టెన్ అనేవారు. బందరులో ఇనప సామాన్ల కొట్టు ఆయనది. కొట్లో మేకులు తూచేటప్పుడు ఎలా ఉండేవారో నాకు తెలియదు గానీ, ఆదివారం తెల్లవారుజామున కళ్ళద్దాలు పెట్టుకుని, బండికి జెండా కట్టుకుని నిలబడితే మాత్రం యుద్ధం నిజంగా ఉందేమో అనిపించేది. బావ నన్ను తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాడు. ఆయన నన్ను కాదు, కొక్కేన్ని చూశారు. చాలాసేపు చూసి, మనసు మంచిదైతే బండి ఏదైతేనేం అన్నారు. ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. (ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే చెమరుస్తాయి, కాకపోతే కారణం వేరు.)

నా మొదటి రైడు హంసలదీవికి, అంటే కృష్ణ సముద్రంలో కలిసే చోటికి. బందరులో బయల్దేరి చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావడం. చిక్కల్లా ఏమిటంటే ఆ ఆదివారమే మా ఊరి చర్చిలో కోత పండుగ. కొత్త పంటలో ముందుగా వచ్చింది దేవుడికి తెచ్చి వేలం వేసే రోజు. మా ఇంట్లో క్రిస్మస్ కన్నా దానికే హడావుడి ఎక్కువ. నాన్న ఏటా ఆ రోజు పాట పాడతారు, పక్కన నేను శ్రుతి తప్పకుండా చూస్తాను. అమ్మతో ఆదివారం ఆఫీసు మీటింగు పెట్టారని చెప్పాను. ఆఫీసే లేని కంపెనీకి మీటింగు ఎక్కడ పెడతారని ఆవిడ అడగలేదు. పాపం ఆదివారం కూడానా అని, తెల్లవారకముందే లేచి నాకు టీ పెట్టి, చలి తగలకుండా మెడకి మఫ్లరు చుట్టి పంపింది. అప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది.

బందరు కోనేరు సెంటర్లో కెప్టెన్ వరస చెప్పారు. ముందు ఆయన, ఆ వెనక ఇద్దరేసి కాస్త ఎడం ఎడంగా మిగతావాళ్ళు, అందరికంటే చివర నేను. చివరివాణ్ణి టెయిల్ అంటారట. "చివరివాడంటే చిన్నవాడు కాదు తమ్ముడూ. వెనక ఎవరూ మిగిలిపోకుండా చూసుకునేది నువ్వే. మా పదకొండు మంది ప్రాణాలూ నీ చేతిలో ఉన్నట్టు" అన్నారు నా భుజం మీద చెయ్యేసి. బావ తన పాత జాకెట్టు ఇచ్చాడు. అతను నాకు రెండింతలుంటాడు కాబట్టి జాకెట్టులో నేను, నాతోపాటు ఇంకొకడు పడతాం. ఆ పదవికి నేనెంత పొంగిపోయానంటే, అందరికంటే నెమ్మదైన బండిని చివర పెట్టడానికి పదవితో పనిలేదన్న సంగతి నాకు తట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇంకో ప్రశ్న కూడా తట్టలేదు. వెనకబడినవాళ్ళని చివరివాడు చూస్తాడు, బాగానే ఉంది. మరి చివరివాడే వెనకబడితే చూసేవాడెవడు?

మంచులో బయల్దేరాం. మొదటి పావుగంట నా జీవితంలోకెల్లా గొప్ప పావుగంట, అందులో అబద్ధం లేదు. ముందు పదకొండు ఎర్రదీపాలు ఒకే తాడుకి కట్టినట్టు కదులుతుంటే, నేను ఆ తాడు కొసని పట్టుకుని ఎగురుతున్నట్టుంది. హెల్మెట్లో ఆ రోజు నేను మాట్లాడలేదు, మాట్లాడే అవసరం కనపడలేదు. పదహారో నిమిషంలో తాడు సాగడం మొదలైంది. ఎర్రదీపాలు చిన్నవయ్యాయి, ఆ తరవాత మంచులో కలిసిపోయాయి. చల్లపల్లిలో టీకి ఆగుతామన్నారు కదా, అక్కడ అందుకోవచ్చని ధైర్యం చెప్పుకున్నాను. నిజంగానే అందుకున్నాను. నేను స్టాండు వేసి, చేతులు రుద్దుకుంటూ టీ చెప్పేసరికి అందరూ గ్లాసులు దించేసి హెల్మెట్లు తగిలించుకుంటున్నారు. కెప్టెన్ వాచీ చూసుకుని బొటనవేలు పైకెత్తారు. టీకొట్టాయనకి చెప్పిన టీ వద్దని చెప్పి నేనూ బయల్దేరాను. అవనిగడ్డలో ఇడ్లీ దగ్గరా అదే తంతు. నేను చేతులు కడుక్కోబోతుంటే వాళ్ళూ చేతులు కడుక్కుంటున్నారు, వాళ్ళది తిన్నాక, నాది తినకముందు. పదకొండు ప్లేట్ల మీద మిగిలిన చట్నీ చూసి, పదవిలో ఉన్నవాడికి ఆకలి తగదని సర్దిచెప్పుకుని మళ్ళీ వాళ్ళ వెనక పడ్డాను.

కోడూరు దాటాక రోడ్డు సన్నబడింది. ఒక పక్క కోసిన పొలాలు, ఇంకో పక్క మురుగు కాలవ, దాని అవతల రొయ్యల చెరువులు. వాళ్ళు అప్పటికే కనుచూపులో లేరు. ఒక కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి కాలవ గట్టున తుమ్మకంపకి ఏదో నీలంగా వేలాడుతోంది. చూస్తే అది కెప్టెన్ గారి జెండా. గాలికి ఊడి పడినట్టుంది. వెనక ఏదీ మిగిలిపోకుండా చూడాల్సినవాణ్ణి నేనే కదా. మొదటిసారి నా ఉద్యోగానికి పని దొరికిందన్న ఉత్సాహంతో బండి వాలుగా మట్టిలో నిలబెట్టి గట్టు దిగాను. జెండా చేతికి అందింది. అదే అడుగులో కాలు జారి నడుము దాకా బురదలోకి దిగబడ్డాను. పైకి చూస్తే సైడ్ స్టాండు మెత్తటి మట్టిలోకి మెల్లగా దిగుతోంది. నేను వద్దు వద్దు అంటూనే ఉన్నాను. బండి ఒక్క క్షణం ఆలోచించి, నేనున్న చోటికే వచ్చేసింది.

దానికి దారిచ్చి పక్కకి జరగడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది. ఫోను జాకెట్టు పైజేబులో ఉండి బతికింది. బావకి ఆరుసార్లు చేశాను, కెప్టెన్‌కి నాలుగుసార్లు. హెల్మెట్లు పెట్టుకుని గాలిలో వెళ్తున్నవాళ్ళకి ఫోను ఏం వినపడుతుంది? ఇంకో కిలోమీటరు వెళ్ళాక లెక్క చూసుకుంటారు, వెనక్కి వస్తారు అనుకుని, జాకెట్టు విప్పి కంప మీద ఆరేసి, గట్టున కూర్చున్నాను. అరగంటయ్యాక ఫోను టింగుమంది. గ్రూపులో ఫొటో వచ్చింది. సముద్రం ముందు పదకొండు మంది భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. కింద కెప్టెన్ రాశారు: "అందరం క్షేమంగా చేరాం. మనది గ్రూపు కాదు, కుటుంబం." ఫొటో పెద్దది చేసి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను, ఎందుకో నేనూ ఉన్నానేమో చూసుకున్నట్టుగా. అందరూ ఒకరి వెనక ఒకరు బొటనవేళ్ళూ గుండెకాయలూ పెడుతున్నారు. నడుము దాకా బురదలో తడిసి, కాలవలో పడి ఉన్న బండి పక్కన కూర్చుని, నేను కూడా ఒక బొటనవేలు పెట్టాను. ఎందుకు పెట్టానంటే ఇప్పటికీ చెప్పలేను. పెట్టకపోతే బాగుండదేమో అనిపించింది.

అప్పుడే అమ్మ ఫోను చేసింది. మీటింగు మధ్యలో ఉన్నానేమో అని భయపడుతూ, కోత పండుగ వేలంలో నా పేరున గుమ్మడికాయ పెట్టామనీ, శ్రుతి చూసేవాడు లేడని నాన్న ఈసారి పాడలేదనీ చెప్పింది. తరవాత, "మీటింగంటున్నావు, అంత నిశ్శబ్దంగా ఉందేంట్రా?" అంది. "అందరూ శ్రద్ధగా వింటున్నారమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని ఏడ్చాను కూడా.

సరిగ్గా అలా ఉండగా కల్వర్టు మీద ఒక మోపెడ్ వచ్చి ఆగింది. తెల్లచీర, ముందు బుట్టలో మందుల పెట్టె, యాభై పైబడ్డ మనిషి. ఆ చుట్టుపక్కల ఊళ్ళకి ప్రభుత్వం వారి నర్సమ్మ గారు. ఏ ఊరు బాబూ మనది, ఎవరి తాలూకు అని అడిగి, దెబ్బలేమన్నా తగిలాయా అని గట్టు మీంచే కాళ్ళూ చేతులూ కదిపించి చూశారు. తోడు ఎవరన్నా ఉన్నారా అన్నారు. పన్నెండు మందిమండీ అన్నాను. ఆవిడ రోడ్డుకి ఆ కొస దాకా చూశారు, ఈ కొస దాకా చూశారు. నా తలకి దెబ్బ తగిలిందేమో అని ఈసారి కళ్ళు కూడా చూశారు.

ఆవిడ చెరువుల వైపు తిరిగి ఒక్క కేకేస్తే మేత చల్లుతున్న నలుగురు మనుషులు వచ్చి, తాళ్ళు కట్టి బండిని లాగి కల్వర్టు వెనక గట్టున పడుకోబెట్టారు. లాగడానికి పట్టుగా దొరికింది నాన్న కొక్కెమే. నా ప్యాంటు చూడలేక వాళ్ళలో ఒకాయన తన తువ్వాలు ఇచ్చి కట్టుకోమన్నాడు. నర్సమ్మ గారు పక్క పల్లెలో రాత్రి పుట్టిన బిడ్డని చూసి వస్తాననీ, కోడూరులో మెకానిక్‌కి కబురు పెడతాననీ వెళ్ళి, గంటకి తిరిగొచ్చేటప్పుడు ఆ పురిటింటి వాళ్ళు కట్టించిన పులిహోర డబ్బా తెచ్చారు. ఇద్దరం కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. ఆ రోజు నేను నోట్లో పెట్టుకున్న మొదటి ముద్ద అది. తింటుంటే ఆవిడ తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ రోడ్ల మీద ఒక్కత్తే తిరుగుతున్నారట, ఎండలో, వానలో, తుపానుల్లో.

"భయం వెయ్యదా అండీ?" అన్నాను.

"వేస్తుంది బాబూ. ఎన్నోసార్లు పడ్డాను కూడా. ఒక్కదాన్నే కాబట్టి చూసినవాళ్ళు ఆగారు" అన్నారావిడ.

ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే సముద్రం వైపు నుంచి మోత వినిపించింది. వాళ్ళే. ఇద్దరేసి, ఎడం ఎడంగా, ఎంత అందంగా వస్తున్నారంటే నేను తినడం ఆపేశాను. దారిలో కనపడ్డ ఊరివాళ్ళకి ఎడం చెయ్యెత్తి పలకరించడం మా గ్రూపు మర్యాద. ముందు కెప్టెన్ నావైపు చూసి చెయ్యెత్తారు. ఆ వెనక ఇద్దరు, ఆ వెనక ఇద్దరు. తువ్వాలు కట్టుకుని, బురద ముఖంతో, చేతిలో పులిహోర డబ్బాతో కూర్చున్నవాడు ఆ ఊరివాడు కాకుండా ఇంకెవరవుతాడు? నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను కూడా చెయ్యెత్తాను. పదకొండు సార్లూ ఎత్తాను. ఆఖరి బండి బావది. కల్వర్టు దగ్గర అది కాస్త నెమ్మదించినట్టయింది, మళ్ళీ ఊపందుకుని వెళ్ళిపోయింది. దుమ్ము అణిగాక నర్సమ్మ గారు మెల్లగా అడిగారు.

"వీళ్ళేనా మీవాళ్ళు?"

"కాదండీ. వీళ్ళు వేరే ఎవరో."

ఆవిడ బండ్లు లెక్కపెట్టే ఉంటారని నా అనుమానం. డబ్బాలో మిగిలినదంతా నా చేతిలో పెట్టి, మెకానిక్ వచ్చేదాకా మందుల పెట్టె సర్దుకుంటూ అక్కడే కూర్చున్నారు. ఆవిడకి అవతల చాలా పనులున్నాయని తరవాత మెకానిక్ చెప్పాడు.

ప్లగ్గు తుడిచి, సైలెన్సర్లో నీళ్ళు వంచి, బండి దగ్గేసరికి మూడయింది. ఒక్కణ్ణే బయల్దేరాను. అవనిగడ్డ దాటాక బావ ఫోను. నువ్వు దారిలో మానుకుని ఇంటికెళ్ళిపోయావేమో అనుకున్నాం బావా, చెప్పకుండా వెళ్తే ఎలా అన్నాడు. గ్రూపులో కెప్టెన్ అప్పటికే రాసేశారు: టెయిల్‌గా ఉన్న సభ్యుడు చెప్పకుండా వరస వదిలి వెళ్ళడం క్రమశిక్షణ కాదు, పైగా జెండా ఎక్కడో జారిపోయినా చూసుకోలేదు అని. ఇప్పుడు మీరందరూ నేను ఆ గ్రూపుని కడిగిపారేసి బయటికొచ్చానని ఆశిస్తూ ఉంటారు. నేనూ అలాగే చెప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. జరిగింది మాత్రం వేరు. రోడ్డు పక్కన ఆగి, "సారీ కెప్టెన్, ఇంకోసారి జరగదు" అని రాసి, చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. జెండాని ఇంట్లో అమ్మ ఉతికింది, ఇదేమిటని అడిగితే కంపెనీది అన్నాను. మడతపెట్టి కెప్టెన్ కొట్టుకి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన తూకం మీంచి తల ఎత్తకుండానే అక్కడ పెట్టమన్నారు. ఆ తరవాత కూడా దాదాపు ఏడాది పాటు వాళ్ళ చివర్నే తిరిగాను. ఒక్కచోట కూడా వేడి టీ తాగలేదు. ముందు ఎవరు వెళ్ళాలన్న తగువుతో గ్రూపు రెండుగా చీలి, రెండింటిలోనూ నా నంబరు చేర్చడం మర్చిపోయారు. అలా బయటపడ్డాను గానీ, నా పౌరుషం వల్ల కాదు.

చాలా ఏళ్ళకి ఒక పెళ్ళిలో బావ కనపడ్డాడు. భోజనాలయ్యాక కిళ్ళీ నములుతూ ఉన్నట్టుండి ఆ రోజు సంగతెత్తాడు. "నిన్ను చూశాను బావా. కల్వర్టు మీద. జాకెట్టు కంప మీద ఉంది, నా జాకెట్టు నాకు తెలియదా? ఆగుదామనే బ్రేకు వేశాను. ఈలోగా ముందువాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఒక్కణ్ణే మిగిలిపోతానేమో అని..." అని ఆపేశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు కోపం రావాల్సింది, రాలేదు. నేను అతని చోట ఉంటే బ్రేకు కూడా వేసేవాణ్ణి కానని నాకు తెలుసు. ఆ రోజు పన్నెండు మందిలో ఒకడు బురదలో ఉన్నాడు, మిగతా పదకొండు మంది వెనకబడతామన్న భయంలో ఉన్నారు. పెద్ద తేడా లేదు. అతనికి ఇంకో కిళ్ళీ ఇప్పించి, పోనీలే బావా అన్నాను.

ఇప్పుడు నాకు ముప్పై అయిదేళ్ళు. బండి మారింది, కంపెనీ మారింది, దివిసీమ రోడ్ల మీద ఒక్కణ్ణే తిరగడం అలవాటై, అదే హాయి అని నలుగురికీ చెప్పే స్థితికి వచ్చాను. పోయిన నెల మా ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఘంటసాలలో వాళ్ళ పిన్నిగారింటికి వెళ్తుంటే, బందరు వైపు నుంచి ఒక గ్రూపు మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. తొమ్మిదో పదో బండ్లు, ఒకే రంగు జాకెట్లు, ఒకే ఊపు. ఎంత వద్దనుకున్నా నా కుడి మణికట్టు దానంతటదే తిరిగింది. వాళ్ళ చివరి బండికి మర్యాదైన దూరంలో, వాళ్ళలో ఒకణ్ణే అన్నట్టు నడుము నిటారుగా పెట్టుకుని నడుపుతున్నాను. కాసేపటికి మా ఆవిడ నా భుజం మీద తట్టింది.

"ఏవండీ, మన మలుపు వెనకే పోయింది."

"తెలుసు" అన్నాను. "కొంచెం దూరం వెళ్ళి తిప్పుతాలే."